ఫ్లీస్ ఇన్ వయసెంత? ఒక ఇంగ్లిష్ పల్లె పబ్బు కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లో పాత పబ్బుల గుమ్మాల మీద రాసి ఉండే సంవత్సరాలను నేను ఒక పట్టాన నమ్మను. పాత కట్టడాల చరిత్ర వెలికితీసి నివేదికలు రాయడం నా వృత్తి. రక్షిత జాబితాలో ఉన్న ఇంటికి కిటికీ మార్చాలన్నా, లోపలి గోడ కొట్టాలన్నా ముందు స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి. ఆ ఇంట్లో ఏది ఎప్పటిది, ఏది పోతే చరిత్ర పోతుంది అని తేల్చి చెప్పే కాగితం మాలాంటివాళ్లం రాస్తాం. ఈ పనిలో తరచూ ఎదురయ్యేవి పల్లెటూరి పబ్బులు. బయట బంగారు రంగు అక్షరాల్లో ‘1390 నుంచి’ అని ఉంటుంది. లోపలికి వెళ్లి చూస్తే దూలాలు 1600 ప్రాంతానివి, మద్యం లైసెన్సు విక్టోరియా రాణి కాలానిది, ‘ప్రాచీనమైన’ బార్ కౌంటరు 1980లలో బీరు కంపెనీ పంపిన వడ్రంగి బిగించినది. యజమాని అబద్ధమాడుతున్నాడని అనను. ఆయనకు కావలసింది ఒక్క తేదీ. కట్టడం దగ్గర మూడున్నాయి.

ఇల్లు ఎప్పుడు కట్టారు, అందులో మద్యం అమ్మడానికి లైసెన్సు ఎప్పుడు వచ్చింది, ఇప్పుడు కంటికి కనిపిస్తున్న లోపలి రూపం ఎప్పుడు ఏర్పడింది. ఈ మూడూ ఒకే ఏడాది మీద కలిసే పబ్బు బహు అరుదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకు ఆ తేడా చూపించడానికి నేను ఎత్తుకునే ఉదాహరణ వూస్టర్‌షైర్ కౌంటీలోని బ్రెట్‌ఫర్టన్ అనే ఊళ్లో ఉన్న ఫ్లీస్ ఇన్. దాని మరమ్మతులతో నాకు వృత్తిపరమైన సంబంధం ఏమీ లేదు. అందరికీ తెరిచి ఉన్న చోటు, చరిత్ర చాలావరకు బహిరంగం, పైగా ఇంగ్లిష్ పబ్బుకు జరగగలిగినవన్నీ దానికి జరిగాయి, ఒక అగ్నిప్రమాదంతో సహా.

రైతు ఇల్లు

ఈవ్‌షమ్ పట్టణానికి తూర్పున ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉంది బ్రెట్‌ఫర్టన్. పండ్ల తోటలకు, కూరగాయలకు పేరుపడ్డ లోయ అది. మధ్యయుగాల్లో ఈ ఊరు ఈవ్‌షమ్ మఠం భూముల్లో భాగం. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలను మూయించినప్పుడు 1540లో ఆ మఠం కూడా పోయింది, రాళ్లు సైతం తరలిపోయాయి. రైతుల ఇళ్లు మాత్రం నిలిచాయి. ఊరి నడుమ ‘ద క్రాస్’ అనే చిన్న కూడలికి ముఖం పెట్టి ఉన్న ఫ్లీస్ అలాంటి ఇల్లే. 15వ శతాబ్దం తొలినాళ్లలో బర్డ్ అనే ఇంటిపేరున్న మోతుబరి రైతు కట్టుకున్నది.

కట్టిన తీరును బట్టి అది పొడవిల్లు. ఒకే కప్పు కింద ఒక చివర మనుషులు, మరో చివర పశువులు. నేల మీద ఓక్ కర్రలతో చట్రం, చట్రం ఖాళీల్లో తడికె అల్లి దాని మీద మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తిన గోడలు, పైన సున్నం. ఓక్‌ను ఆరబెట్టి వాడతారని చాలామంది అనుకుంటారు. ఆరిన ఓక్‌ను కోయడం ఇనుముతో కుస్తీ పట్టడమే. అందుకే పచ్చిగా ఉండగానే కోసి, చెక్కి, నేల మీద పరిచి కీళ్లు సరిచూసుకుని, ప్రతి కీలు దగ్గరా ఉలితో ఒక అంకె గుర్తు వేసి, విప్పి, ఇంటి చోటుకు తెచ్చి మళ్లీ నిలబెట్టేవాళ్లు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కర్ర ఆరుతూ వంగుతుంది. పాత పబ్బుల్లో నిలువు గోడలు ఒరిగి, కిటికీలు వంకర తిరిగి ఉండడానికి కారణం కాలం ఒక్కటే అనుకోకూడదు, మొదటి పదేళ్లలోనే సగం వంకర వచ్చేసి ఉంటుంది.

ఇలాంటి ఇంటి వయసు చెప్పడానికి మాకు రెండు దారులున్నాయి. ఒకటి కీళ్ల తీరు, కప్పు నిర్మాణం చూసి శతాబ్దాన్ని అంచనా వేయడం. రెండోది దూలం నుంచి పెన్సిలంత సన్నని నమూనా తీసి వార్షిక వలయాలను లెక్కించి, ఆ ప్రాంతపు ప్రామాణిక వరుసతో పోల్చడం. బెరడు దాకా చెక్క మిగిలి ఉంటే చెట్టు కొట్టిన ఏడాదిని, ఒక్కోసారి రుతువును కూడా చెప్పవచ్చు. బెరడు వైపు చెక్కేసి ఉంటే ‘ఈ ఏడాది తర్వాత’ అని మాత్రమే చెప్పగలం. పబ్బు యజమానులకు ఈ రెండో రకం జవాబు రుచించదు. బోర్డు మీద అది రాయలేరు.

కాబట్టి మొదటి తేదీ ఇది: ఆరు వందల ఏళ్ల నాటి ఇల్లు. ఆ ఆరు వందల ఏళ్లలో మొదటి నాలుగు వందల పైచిలుకు ఏళ్లు అది పబ్బు కాదు. పొలానికి వెళ్లొచ్చిన రైతు బూట్లు విప్పుకున్న ఇల్లు.

లైసెన్సు

మనవాళ్లు పబ్బును రచ్చబండతో పోల్చి ముచ్చటపడుతుంటారు. నాకు ఆ పోలిక కుదరదు. రచ్చబండకు యజమాని లేడు, పన్ను లేదు, మూసే వేళ లేదు. ఇంగ్లిష్ పబ్బును తొలినుంచీ మలిచినవి ఆ మూడే. ఊరివాళ్ల కబుర్లు అందులో జరిగాయన్నది నిజమే గానీ, ఆ కబుర్లు ఎన్ని గంటల దాకా సాగాలో చట్టం చెప్పేది.

పూర్వం బీరు ఇంట్లో కాచుకునే వస్తువు. కాచేది ఎక్కువగా ఆడవాళ్లు. మాల్ట్‌తో (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) ఏల్ అనే బీరు కాచి, ఇంటికి మించినది ఉంటే ఇరుగుపొరుగుకు అమ్మేవాళ్లు. హాప్స్ అనే చేదు పువ్వుల వాడకం ఐరోపా నుంచి వచ్చి స్థిరపడ్డాక బీరు ఎక్కువ రోజులు నిలవ ఉండటం మొదలైంది. నిలవ ఉండేదాన్ని పెద్ద ఎత్తున కాచవచ్చు, దూరం పంపవచ్చు, పన్ను వేయవచ్చు. 1552లో వచ్చిన చట్టంతో ఏల్ ఇల్లు నడపాలంటే మేజిస్ట్రేట్ల అనుమతి తప్పనిసరైంది. 1577లో ప్రభుత్వం పన్ను కోసం లెక్క తీయిస్తే అందిన జాబితాల్లో 14 వేలకు పైగా ఏల్ ఇళ్లు, 1,600 పైచిలుకు ఇన్‌లు, మూడు వందల చిల్లర ట్యావెర్న్‌లు తేలాయి. ఇన్ అంటే ప్రయాణికులకు పడక, గుర్రాలకు శాల ఉన్న చోటు. ట్యావెర్న్‌లో ద్రాక్ష సారాయి దొరికేది, డబ్బున్నవాళ్లు వెళ్లేవారు. ఏల్ ఇల్లు సామాన్యులది. ఈ మూడింటినీ కలిపి ఒకే సంచిలో వేసి పబ్బు అనడం తర్వాతి కాలపు అలవాటు.

పరిశోధకుడికి ఇందులో ఒక లాభం ఉంది. 1753 చట్టం ప్రకారం ఏల్ ఇళ్ల లైసెన్సుల చిట్టాలు కౌంటీ గుమస్తాలు భద్రపరచాల్సి వచ్చింది. 1828 దాకా చాలా కౌంటీల్లో అవి దొరుకుతాయి. ఎవరైనా తమ పబ్బు 1700ల నుంచీ ఉందని చెబితే నేను ముందు చూసేది ఆ చిట్టాలే. ఊరి పేరు కింద ఆ కుటుంబం పేరు, పబ్బు బోర్డు మీది పేరు లేకపోతే గుమ్మం మీది బంగారు అక్షరాలు ఎంత మెరిసినా లాభం లేదు.

1830 వచ్చేసరికి కథ మలుపు తిరిగింది. వెల్లింగ్టన్ డ్యూక్ ప్రభుత్వం తెచ్చిన బీరు చట్టంతో, పన్ను కట్టే ఏ గృహస్థుడైనా ఏడాదికి రెండు గినీలు (గినీ అంటే 21 షిల్లింగులు) చెల్లించి తన ఇంట్లోనే బీరు కాచి అమ్ముకోవచ్చు. మేజిస్ట్రేట్ల దగ్గరకు వెళ్లనక్కరలేదు. బీరు మీద పన్నూ ఎత్తేశారు. ఉద్దేశం రెండు పిట్టలను కొట్టడం: జిన్ తాగే జనాన్ని బీరు వైపు మళ్లించడం, పెద్ద బీరు కంపెనీలూ మేజిస్ట్రేట్లూ కలిసి బిగించిన పట్టును సడలించడం. ఆరు నెలల్లోనే 24 వేల కొత్త బీరు ఇళ్లు లేచాయి, దశాబ్దం ముగిసేలోపు ఆ సంఖ్య 40 వేలు దాటింది. ఇవాళ ‘అనాది కాలం నుంచీ ఉన్న పల్లె పబ్బు’ అని ఫొటోలు తీసుకునేవాటిలో ఎన్నో ఈ హడావిడిలో పుట్టినవి. చెప్పులు కుట్టేవాడి ముందుగది, కమ్మరి కొలిమి పక్క గది, రైతు వంటిల్లు. పబ్బు కోసం ఎవరూ కొత్త ఇల్లు కట్టలేదు, ఉన్న ఇంటి తలుపు తెరిచారు. 1869లో మళ్లీ మేజిస్ట్రేట్లకు పగ్గాలు వచ్చేదాకా ఇదే తంతు.

బ్రెట్‌ఫర్టన్‌లో ఆ తలుపు తెరుచుకున్న ఏడాది 1848. బర్డ్ వంశానికి చెందిన హెన్రీ బర్డ్ తాత ముత్తాతల ఇంటిని లైసెన్సున్న పబ్బుగా మార్చాడు. దానికి రెండేళ్ల ముందు, 1846లో, విదేశీ ధాన్యం మీద సుంకాలు పెట్టిన చట్టాలను పార్లమెంటు రద్దు చేసింది. ధర ఎటు పోతుందోనని రైతులు గుబులుపడుతున్న కాలం. సొంత బార్లీ, సొంత ఆపిల్ తోట, ఖాళీ గదులు ఉన్న ఇంటికి రెండో ఆదాయం చేదా? ఇది నా ఊహే. కానీ ఆ దశాబ్దంలో పల్లెల్లో పబ్బు నడిపినవాళ్లు చాలామంది పగలు వేరే పని చేసినవాళ్లే. ఫ్లీస్‌లో ఇప్పటికీ ఒక గది పేరు బ్రూహౌస్. బీరు కాచిన చోటు.

రెండో తేదీ 1848. దీన్ని చూసి నిరాశపడేవాళ్లను చూశాను. ‘అంతేనా, నూట డెబ్భై ఎనభై ఏళ్లేనా?’ అంటారు. లండన్ సదర్క్‌లోని జార్జ్ ఇన్‌తో పక్కపక్కన పెడితే సంగతి అర్థమవుతుంది. అక్కడ ఇన్ 1500ల నాటికే ఉంది. 1676 మంటల్లో కట్టడం పోయి 1677లో తిరిగి లేచింది, 1889లో రైల్వే కంపెనీ రెండు వైపులా కూల్చేసింది, మిగిలిన ఒక పక్కను 1937లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ తీసుకుంది. అక్కడ వ్యాపారం కట్టడం కంటే పాతది. బ్రెట్‌ఫర్టన్‌లో కట్టడం వ్యాపారం కంటే పాతది. నాటింగ్‌హామ్‌లో కొండ రాతిని ఆనుకుని ఉన్న ‘యే ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేమ్’ గోడ మీద 1189 అని ఉంటుంది. ఇప్పుడు కనిపించే ఇల్లు ప్రధానంగా 17వ శతాబ్దానిది.

క్రామ్‌వెల్ పళ్లేలు

ఫ్లీస్‌కు వెళ్లినవాళ్లు ముందుగా చూసేది ప్యూటర్ గదిలోని బల్లబీరువా. తగరం ప్రధానంగా ఉండే ఆ మిశ్రమలోహంతో చేసిన పళ్లేలు, గిన్నెలు వరుసగా నిలబెట్టి ఉంటాయి. స్టువర్ట్ రాజుల కాలం నాటివి, అంటే 17వ శతాబ్దపువి. వెండిలా మెరవవు. మబ్బు పట్టిన నీటి రంగులో, అంచుల దగ్గర కత్తుల గాట్లతో ఉంటాయి. కొనగలిగిన ఇంట్లో ఎవరో వాటిలో నిజంగా తిన్నారని ఆ గాట్లు చెబుతాయి.

వీటి గురించి ఊళ్లో ఒక కథ ఉంది. 1651లో, అంతర్యుద్ధంలో రాజు పక్షంతో పోరాడిన పార్లమెంటు సేనాని ఆలివర్ క్రామ్‌వెల్ వూస్టర్ యుద్ధానికి పోతూ ఇటు వచ్చాడట. సైన్యానికి జీతాలివ్వడానికి ఇన్‌లో ఉన్న బంగారం, వెండి పట్టుకుని బదులుగా ఈ ప్యూటర్ వదిలి వెళ్లాడట.

ఇలాంటి కథలను కొట్టిపారేయడం సులువు, నమ్మడం అంతకంటే సులువు. నా వృత్తిలో కథను ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకూ పరీక్ష పెడతాం. క్రామ్‌వెల్ ఈ దారిన వచ్చాడా? ఆగస్టు చివర్లో ఆయన సైన్యం ఈవ్‌షమ్ చేరింది, సెప్టెంబరు 3న వూస్టర్ యుద్ధం జరిగింది. ఆ ముక్క నిలుస్తుంది. ప్యూటర్ ఆ శతాబ్దపుదేనా? అదీ నిలుస్తుంది. ఇక ‘ఇన్‌లో ఉన్న బంగారం, వెండి’. 1651లో ఇక్కడ ఇన్ లేదు. రైతు కుటుంబం కాపురం ఉంటోంది. కథ చెప్పినవాళ్లు 1848 తర్వాతి పబ్బును రెండు వందల ఏళ్లు వెనక్కి జరిపి, దాంట్లోకి సైన్యాన్ని నడిపించారు. పైగా యుద్ధానికి పోతున్న సైన్యం కావలసిన సొమ్ముకు బదులుగా భోజనాల సెట్టు మోసుకొచ్చి ఇచ్చిందంటే కాస్త ఆగి ఆలోచించాలి.

ప్యూటర్ ఈ ఇంట్లో ఎలా చేరి ఉంటుందన్నదానికి పెద్ద మర్మం అక్కరలేదు. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ మోతుబరి రైతుల ఆస్తి జాబితాలు చదివితే ప్యూటర్ పళ్లేలు మాటిమాటికీ కనిపిస్తాయి. మనిషి పోయాక ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకూ వెల కట్టి రాసిన కాగితాలవి. చెక్క పళ్లెం నుంచి ప్యూటర్‌కు మారడం ఆ వర్గం పైకి వచ్చిందనడానికి గుర్తు. రైతు బాగుపడ్డాడు, పళ్లేలు కొన్నాడు, వంశం ఇల్లు అమ్మలేదు, పళ్లేలు మిగిలాయి. కథలో సైన్యం లేకపోతే వినేవాళ్లకు చప్పగా ఉంటుంది, అంతే. నివేదికలో మాత్రం నేను ఈ కథనూ రాస్తాను, ఊరి కథగా. ఊరివాళ్లు తమ ఇంటిని దేశచరిత్రతో ఎలా ముడివేసుకున్నారో కూడా ఆ కట్టడం చరిత్రలో భాగమే.

సున్నపు వలయాలు

ఫైర్‌ప్లేస్ దగ్గర రాతి పలకల మీద తెల్లటి వలయాలు గీసి ఉంటాయి. మంత్రగత్తెలు పొగగూటిలోంచి దిగి ఇంట్లోకి రాకుండా కట్టడి. తలుపుకు గడియ ఉంటుంది, కిటికీకి రెక్క ఉంటుంది, పొగగూడు ఒక్కటే ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంటుంది కదా అన్నది వాళ్ల తర్కం. 16, 17 శతాబ్దాల ఇంగ్లిష్ ఇళ్లలో ఇలాంటి రక్షణ గుర్తులు లెక్కలేనన్ని: దూలాల మీద పువ్వు ఆకారంలో కంపాస్‌తో గీసిన వృత్తాలు, కావాలని దీపంతో కాల్చిన కన్నీటిచుక్క మచ్చలు, ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు ‘వి’ అక్షరాలు. 2016లో హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ ఇలాంటివి కనబడితే తెలపమని ప్రజలనే కోరింది.

ఫ్లీస్ వలయాల్లో నాకు నచ్చే సంగతి వేరు. దూలం మీద గీసిన గుర్తు ఒకసారి చెక్కితే ఉండిపోతుంది. నేల మీది సుద్ద గీత అలా కాదు. జనం తొక్కుతారు, తుడుస్తారు, బూడిద పడుతుంది. ఉండాలంటే ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ గీయాలి. కాబట్టి మీరు చూసే సున్నం ఇటీవలిదే, పాతది ఆ గీసే అలవాటు. దాన్ని ఏ ప్రయోగశాలా కాలనిర్ణయం చేయలేదు.

లోలా ట్యాప్లిన్

మూడో తేదీ దగ్గరికి వస్తే, ఈ పబ్బు లోపలి రూపం మిగలడానికి కారణం ఒక మనిషి, ఒక లేమి. లేమి ఏమిటంటే, దీనికి బీరు కంపెనీ యజమాని ఎప్పుడూ లేడు.

19వ శతాబ్దం చివర్లో పెద్ద బీరు కంపెనీలు షేర్లు అమ్మి వచ్చిన డబ్బుతో పబ్బులను వరుసపెట్టి కొన్నాయి. కంపెనీ పబ్బులో ఆ కంపెనీ బీరే అమ్మాలి, అద్దె దానికే కట్టాలి. 20వ శతాబ్దంలో పల్లె పబ్బుల్లో అత్యధికం ఈ కట్టుబాటులోకి వెళ్లాయి. 1960లు, 70లలో కంపెనీలు ఒకదాన్నొకటి మింగి ఆరు మహా కంపెనీలుగా మిగిలాక అసలు విధ్వంసం మొదలైంది. చిన్న చిన్న గదులుంటే కాపలాకు ఎక్కువ మంది కావాలి. అందుకని గోడలు కొట్టి ఒకే పెద్ద హాలు చేశారు. చెక్క పీపాల్లో నిదానంగా పులిసే ఏల్ స్థానంలో గ్యాసు పట్టించిన కెగ్ బీరు వచ్చింది. దానికి ఎదురుతిరిగి 1971లో కొందరు తాగుబోతులు (వాళ్లు ఆ మాటకు కోపగించుకోరు) కామ్రా అనే ఉద్యమం పెట్టారు. మొదట బీరు కోసం పోరాడిన ఆ సంస్థే తర్వాత లోపలి అలంకరణ చెక్కుచెదరని పబ్బుల జాతీయ జాబితా కూడా తయారుచేసింది. ఫ్లీస్ అందులో ఉంది.

ఈ తుఫాను నడుస్తున్నంత కాలం ఫ్లీస్‌ను నడిపింది లోలా ట్యాప్లిన్. ఇల్లు కట్టిన బర్డ్‌కు నేరుగా వారసురాలు. గోడలు కొట్టమని చెప్పే కంపెనీ లేదు, కొట్టాలన్న కోరిక ఆమెకూ లేదు. రాతి పలకల నేల, ఎత్తయిన వీపు బల్లలు, మూడు విడివిడి గదులు అలాగే ఉండిపోయాయి. 1977లో ఆమె ఆ పబ్బులోనే, చలిమంట ముందు కన్నుమూసింది. ఇప్పుడు ప్యూటర్ గది అంటున్న గదిలో. పోతూ పోతూ ఆస్తిని నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చింది. కోటలు, జమీందారీ భవనాలు చూసుకునే సంస్థ చేతికి పనిచేస్తున్న ఒక పల్లె పబ్బు వచ్చింది. పబ్బు పబ్బులాగే నడవాలి, ఆలూ చిప్స్ ప్యాకెట్లు మాత్రం ససేమిరా అమ్మకూడదు అన్నది ఆమె షరతని చెప్పుకుంటారు.

చిప్స్ మాట విని నవ్వే ముందు ఒకసారి ఆలోచించండి. వస్తువులను కాపాడమని వీలునామా రాయడం మామూలే. ఆమె కాపాడమన్నది ఒక పద్ధతిని. ప్యాకెట్ కరకరలు, నేల మీద తుంపులు, గ్లాసు పక్కన ప్లాస్టిక్ రేకులు లేని గది ఎలా ఉండాలో ఆమెకు తెలుసు. మా వృత్తిలో గోడ మందం కొలవడానికి పనిముట్లున్నాయి. గది నడవడిని కొలవడానికి లేవు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఈ మూడో తేదీని ఒక సంవత్సరంగా రాయడం కుదరదు. ‘విక్టోరియా కాలం మధ్య నుంచి 1977 దాకా పెద్దగా మారనిది’ అని రాయాలి. మారకపోవడాన్ని తేదీగా వేయడానికి ఫారంలో గడి ఉండదు.

2004 ఫిబ్రవరి 27

ఆ రోజు శుక్రవారం. పొగగూటిలోంచి లేచిన నిప్పురవ్వ పూరికప్పు మీద పడింది. మంత్రగత్తెలకు వేసిన కట్టడి నిప్పురవ్వలకు వర్తించలేదని ఆ తర్వాత ఎవరైనా పరిహాసమాడారో లేదో గానీ, నాకు మాత్రం ఆ ఆలోచన రాకుండా ఉండదు.

పూరికప్పు మంట వింతగా ఉంటుంది. మందంగా, గట్టిగా నేసిన కప్పు పైపై వానను లోపలికి రానివ్వదు. అదే గుణం వల్ల అగ్నిమాపక సిబ్బంది కొట్టే నీళ్లూ లోపలికి దిగవు. పైన ఆరినట్టు కనిపించి లోపల రాజుకుంటూ పోతుంది. అంటుకోని భాగాన్ని కాపాడాలంటే మధ్యలో కప్పును కోసి ఖాళీ చేయాలి. ఈలోగా పోసిన నీరు కింది అంతస్తుల్లోకి దిగి సున్నపు పైపూతను నానబెడుతుంది. ఫ్లీస్‌కు మూడు రకాలుగానూ దెబ్బ తగిలింది: నిప్పు, పొగ, నీరు. ప్యూటర్ మాత్రం దక్కింది.

ఓక్ చట్రానికి మంటల్లో ఒక అదృష్టం ఉంది. లావుపాటి ఓక్ దూలం నిమిషానికి సుమారు అర మిల్లీమీటరు లెక్కన బొగ్గవుతుంది. ఆ బొగ్గు పొరే లోపలి చెక్కకు కవచంగా నిలుస్తుంది. పైకి నల్లగా మాడిన దూలం గుండె గట్టిగానే ఉండవచ్చు. మంట ఆరిన మర్నాడు ఇంజనీర్లు ‘అన్నీ తీసేద్దాం’ అంటే, మాలాంటివాళ్లం చిన్న సుత్తి, సన్నని డ్రిల్లు పట్టుకుని దూలం తర్వాత దూలం చూసుకుంటూ బేరమాడేది ఇందుకే. తర్వాతి గండం తొందరపాటు. తడిసిన గోడలను వేడిగాలి యంత్రాలతో గబగబా ఆరబెడితే ఓక్ చీలుతుంది, సున్నం పెళుసవుతుంది. సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుని కర్రను కుళ్లబెడుతుంది. సున్నం ఊపిరి పీల్చే పూత, దానికి కావలసింది ఓపిక. ఫ్లీస్ పూర్తిగా తిరిగి తెరుచుకున్నది 2005 జూన్ 18న. పదిహేను నెలలకు పైగా. వ్యాపారం చేసేవాడికి అది పెద్ద కాలం, ఓక్‌కు కాదు.

ఇక్కడే మా వృత్తిలో పాత తగవు తలెత్తుతుంది. కాలిపోయినదాన్ని ఉన్నది ఉన్నట్టు తిరిగి కట్టాలా, లేక కొత్తది కొత్తదని తెలిసేట్టు కట్టాలా? 1877లో విలియం మారిస్ స్థాపించిన పాత కట్టడాల పరిరక్షణ సంఘం రెండో పక్షం. మరమ్మతు చేయండి, గతాన్ని నటించకండి అంటుంది. పాడుబడ్డ చర్చి విషయంలో నేను వాళ్ల పక్షమే. పల్లె పబ్బు దగ్గరకు వచ్చేసరికి అటువైపు మొగ్గలేను. పూరికప్పు ఎలాగూ కొన్ని దశాబ్దాలకోసారి నేసుకోవలసినదే. 1400ల నాటి గడ్డి 2004లో పైన లేదు. సున్నపు వలయాల మాదిరిగా అదీ తిరిగి చేయడం వల్ల బతికే వస్తువు. అక్కడ గాజు, ఉక్కు పెట్టి ‘ఇది 2005’ అని చాటడం నిజాయితీ అనిపించుకోవచ్చు గానీ, ఆ ఇంటి నిజం అది కాదు. అలాగని ప్రతి కొత్త కర్రకూ పొగ రంగు పూసి పాతదిగా చూపించడమూ నాకు గిట్టదు. కొత్త ఓక్‌ను లేత రంగులోనే వదిలేయాలి. కొన్నేళ్లు పోతే అదే నల్లబడుతుంది. మరమ్మతు తేదీని కర్ర మీద కనబడని చోట చెక్కి పెడితే, నూరేళ్ల తర్వాత వచ్చే పరిశోధకుడు నన్ను తిట్టుకోడు.

అందువల్ల ఫ్లీస్ నివేదికలో నేనైతే నాలుగో తేదీ కూడా చేరుస్తాను: 2004–05. దాన్ని దాచిపెట్టి ఆరు వందల ఏళ్లని మాత్రమే చెప్పే కరపత్రాలు చదివినప్పుడు, ఆ పదిహేను నెలల్లో పనిచేసిన వడ్రంగులు, కప్పు నేసేవాళ్లు, సున్నపు మేస్త్రీలు ఎటు పోయారని అడగాలనిపిస్తుంది.

ఇప్పుడు

ఇంగ్లండ్ పబ్బులకు 1980ల చివరి నుంచీ కాలం కలిసిరాలేదు. 1989 బీరు ఆదేశాలతో మహా కంపెనీలు పబ్బులను వదులుకోవలసి వస్తే, వాటిని స్థిరాస్తి కంపెనీలు ఎగరేసుకుపోయాయి. 2007 జూలై 1 నుంచి లోపల పొగ తాగడం నిషేధం. సూపర్‌మార్కెట్ బీరు చవక. మూతపడ్డ పల్లె పబ్బును ఇల్లుగా మార్చి అమ్మితే వచ్చే డబ్బు, పదేళ్లు బీరు పోసినా రాదు. 2011 స్థానికత చట్టం వచ్చాక ఊరివాళ్లు తమ పబ్బును సామాజిక ఆస్తిగా నమోదు చేయించి, అమ్మకానికి పెట్టినప్పుడు కొనడానికి గడువు అడిగే వీలు కలిగింది. కొన్ని ఊళ్లు చందాలేసుకుని కొన్నాయి కూడా.

ఫ్లీస్ నిలబడింది మరో రకంగా. ఈ లోయ ఆస్పరాగస్‌కు ప్రసిద్ధి. దుంప నుంచి వసంతంలో మొలిచే లేత కాడలు, ఊరివాళ్లు ముద్దుగా ‘గ్రాస్’ అంటారు. ఏప్రిల్ 23న సెయింట్ జార్జ్ రోజున మొదలై జూన్ 21 ప్రాంతం దాకా సాగే కోత కాలం. మే చివరి సెలవు వారాంతంలో పబ్బు ఆవరణలో ఆస్పరాగస్ కట్టల వేలం జరుగుతుంది. వేలం పాడేవాళ్లకు కట్ట అసలు ధర ఎంతో తెలుసు, అయినా దానికి ఎన్నో రెట్లు పాడతారు. ఆ డబ్బు ఊరి సిల్వర్ బ్యాండ్ అనే వాయిద్య బృందానికి పోతుంది. మోరిస్ అనే ఇంగ్లిష్ జానపద నృత్యాలు, శీతాకాలంలో ఆపిల్ చెట్ల చుట్టూ చేసే పాటల వేడుక, పక్కన ఉన్న పాత కొట్టంలో పెళ్లి విందులు. పక్కనున్న కాట్స్‌వోల్డ్స్ కొండల ప్రాంతం చూడటానికి కారేసుకుని వచ్చే మన తెలుగు కుటుంబాలు కూడా ఇటు ఓ గంట మళ్లవచ్చు. మద్యం ముట్టనివాళ్లు టీ అడిగినా ఎవరూ వింతగా చూడరు.

పెళ్లి విందుల మీద ఒక పరిరక్షణవాది నాతో వాదనకు దిగాడు: పశువుల కొట్టంలో షాంపేన్ ఏమిటని. ఆయనకు నేను చెప్పింది లెక్కల మాట. పూరికప్పు మళ్లీ నేయించడానికి, పొగగూడు క్రమం తప్పకుండా శుభ్రం చేయించడానికి, అగ్ని బీమాకు డబ్బు కావాలి. బ్రూహౌస్ గదిలో సాయంత్రం నలుగురు తాగే పైంట్ల మీద అది రాదు. 1848లో హెన్రీ బర్డ్ వంటింటి తలుపు తెరిచినప్పుడు, రైతు ఇంట్లో బీరు అమ్మకం ఏమిటని అడిగినవాళ్లూ ఊళ్లో ఉండే ఉంటారు.